పోతన ప్రహ్లాదచరిత్రలో బడి, పరీక్ష, పసివాడు: విద్యార్థి మనోధైర్యం దృష్ట్యా ఒక పునఃపఠనం

వ్యాససంగ్రహం

విద్యార్థుల మానసిక క్షేమం, కష్టాన్ని తట్టుకునే శక్తి, గుణసంపద అనే మాటలు నేటి విద్యారంగంలో విరివిగా వినిపిస్తున్నాయి. వీటికి తెలుగు సాహిత్యం నుంచి ఉదాహరణ చూపవలసి వచ్చినప్పుడు ప్రహ్లాదుడి పేరు ముందుగా వస్తుంది. ఎన్ని బాధలు పెట్టినా చలించని బాలుడిగా అతడిని ఆదర్శంగా నిలపడం పరిపాటి. పోతన ఆంధ్రమహాభాగవతం 7వ స్కంధంలోని ప్రహ్లాదచరిత్రను ఒక బడి కథగా చదివితే ఈ ఆదర్శీకరణ నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బాలుడి ధైర్యాన్ని కీర్తిస్తూనే ఆ ధైర్యం అవసరమైన పరిస్థితిని కల్పించిన తండ్రిని, గురువులను, రాజ్యాన్ని పోతన విచారణకు నిలిపాడు. బాధను ఆపవలసిన బాధ్యతను బాలుడిపై ఎక్కడా మోపలేదు. ఈ భేదాన్ని విస్మరించి చేసే బోధన, సహనం పేరిట పిల్లల మౌనాన్ని ప్రోత్సహించే ప్రమాదం ఉంది.

కీలకపదాలు: ప్రహ్లాదచరిత్ర, పోతన, చండామార్కులు, మనోధైర్యం, స్థితిస్థాపకత, గుణసంపద, గజేంద్రమోక్షం, తెలుగు బోధన.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి ప్రహ్లాదుడు కేవలం పురాణపాత్ర కాదు. ఎఱ్ఱన నృసింహపురాణం, పోతన భాగవతం మొదలుకొని హరికథలు, వీధినాటకాలు, రంగస్థలం వరకు ఆ కథ నిరంతరం ప్రవహించింది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ సైతం ‘భక్త ప్రహ్లాద’యే. పోతన పద్యాలు పాఠ్యపుస్తకాల ద్వారా తరతరాల విద్యార్థులకు కంఠస్థమయ్యాయి. ఈ కథపై వచ్చిన విమర్శ ప్రధానంగా భక్తితత్త్వం, శైలి, శబ్దాలంకార వైభవం, మూలంతో తారతమ్యం అనే అంశాల చుట్టూ సాగింది. కథలో ఎక్కువ భాగం ఒక బడి చుట్టూ నడుస్తుందన్న విషయం ఆ చర్చలో వెనకబడింది.

బిడ్డను గురువులకు అప్పగించడం, ఏం నేర్చాడో పరీక్షించడం, ఫలితం నచ్చక గురువులను నిలదీయడం, గురువులు తమ తప్పు లేదని చెప్పుకోవడం, బెత్తం, బెదిరింపు, మళ్లీ పాఠం, మళ్లీ పరీక్ష, గురువులు లేని వేళ సహాధ్యాయుల ముచ్చట్లు: ఇదంతా ప్రహ్లాదచరిత్రలో ఉంది. ఈ వరుస నేటి విద్యార్థికి, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు అపరిచితమైనది కాదు.

ఈ పునఃపఠనానికి తక్షణ సందర్భం ఉంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. ఫలితాల ప్రక్రియలో లోపాలు బయటపడటంతో, తప్పిన విద్యార్థుల జవాబుపత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన వ్యాజ్యంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీచేసింది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. నేటి పిల్లలకు తట్టుకునే శక్తి లేదన్నది మొదటిది. పిల్లలపై మోపిన బరువును చూడాలన్నది రెండవది. ప్రహ్లాదుడిని సాధారణంగా మొదటి మాటకు సాక్షిగా పిలుస్తారు. పోతన కావ్యం ఏ మాటకు సాక్ష్యమిస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. స్థితిస్థాపకత: ఒక పదం, దాని షరతు

కష్టం ఎదురైనప్పుడు కుంగి, తిరిగి కోలుకునే శక్తికి తెలుగులో స్థిరపడిన ఒకే పదం లేదు. మనోధైర్యం, తట్టుకునే శక్తి, పునరుత్తేజం వంటి మాటలు సందర్భాన్ని బట్టి వాడుకలో ఉన్నాయి. అనువాదాలలో ‘స్థితిస్థాపకత’ అనే మాట కూడా కనిపిస్తుంది. ఇది భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల నుంచి వచ్చిన మాట. అక్కడ దాని నిర్వచనంలో ఒక షరతు ఉంది. వస్తువుపై పనిచేసే బలాన్ని తొలగించినప్పుడు అది పూర్వస్థితికి రావడమే స్థితిస్థాపకత. బలం తొలగకుండా పూర్వస్థితి రాదు. ప్రతి వస్తువుకూ ఒక స్థితిస్థాపక అవధి ఉంటుంది. ఆ అవధి దాటితే బలాన్ని తొలగించినా వస్తువు పూర్వరూపం పొందదు.

ఈ పదాన్ని మనస్తత్వ చర్చలోకి తెచ్చుకున్నప్పుడు ఈ రెండు షరతులూ తరచుగా జారిపోతాయి. బరువు అలాగే ఉండగా పిల్లవాడు మామూలుగా ఉండాలన్న కోరికకు స్థితిస్థాపకత అనే పేరు పెడతారు. నిజానికి ఈ విషయంపై జరిగిన ప్రసిద్ధ పరిశోధనలు ఈ కోరికను సమర్థించవు. హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది శిశువుల జీవితాలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, కుటుంబ కలహాలు వంటి అనేక ప్రతికూలతల మధ్య పెరిగిన పిల్లలలో సుమారు మూడోవంతు మంది సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. అటువంటి పిల్లల జీవితాలలో ఆదరించే పెద్దమనిషి కనీసం ఒకరైనా ఉండటాన్ని ఆ పరిశోధన ముఖ్యాంశంగా గుర్తించింది. ఆన్ మాస్టెన్ 2001లో ఈ శక్తిని అసాధారణ వ్యక్తుల సొత్తుగా కాక, కుటుంబం, బడి, స్నేహం వంటి మామూలు ఆసరాలు సక్రమంగా పనిచేయడం వల్ల కలిగే ఫలితంగా వివరించింది. అంటే మనోధైర్యం ఒంటరి గుణం కాదు. సంబంధాలలో పుట్టి, సంబంధాలలో నిలిచేది. ప్రహ్లాదచరిత్రను ఈ వెలుగులో చూడటం అవసరం.

3. గుణాల జాబితా: బడికి ముందే ఉన్న బాలుడు

క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ 2004లో ప్రచురించిన గ్రంథంలో 24 గుణబలాలను ఆరు సద్గుణాల కింద వర్గీకరించారు. ధైర్యం, దయ, న్యాయదృష్టి, క్షమ, వినయం, ఆత్మనియంత్రణ, కృతజ్ఞత వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అనేక దేశాల పాఠశాలలలో గుణశిక్షణ కార్యక్రమాలు దీనిని ఆధారం చేసుకున్నాయి.

ప్రహ్లాదుడిని పరిచయం చేసే ప్రసిద్ధమైన సీసపద్యంలో పోతన కూడా ఒక జాబితా ఇచ్చాడు. ఆ బాలుడు తనలోనూ సకల ప్రాణులలోనూ ఒకే తీరు చూపు నిలిపినవాడు. పెద్దలు కనబడితే సేవకుడిలా దగ్గరకు పోయి నమస్కరించేవాడు. పరస్త్రీ ఎదురైతే తల్లిగా భావించి తప్పుకునేవాడు. దిక్కులేనివారిని తల్లిదండ్రుల మాదిరి కాచేవాడు. స్నేహితులతో తోబుట్టువులా మెలిగేవాడు. గురువులను దైవాలుగా తలచేవాడు. ఆటలలో సైతం అబద్ధమాడనివాడు.

ఈ రెండు జాబితాల మధ్య పోలిక సులభంగా దొరుకుతుంది. తేడా మరింత ముఖ్యమైనది. ఆధునిక జాబితా గుణాలను వ్యక్తిలోని బలాలుగా పేర్కొంటుంది. పోతన జాబితాలో ప్రతి గుణమూ ఎదుట ఉన్న మరో వ్యక్తితో కలిసి వస్తుంది: ప్రాణులు, పెద్దలు, స్త్రీలు, దీనులు, స్నేహితులు, గురువులు. ఎదుటివారు లేకుండా ఆ పద్యంలో దాదాపు ఏ గుణమూ లేదు.

మరొక అంశం కథాక్రమానికి సంబంధించినది. ఈ వర్ణన ప్రహ్లాదుడు బడికి పోకముందు వస్తుంది. అంటే బడి ఈ గుణాలను నేర్పలేదు. ఇన్ని మంచి గుణాలున్న బిడ్డను చూసి తండ్రి సంతోషించనూ లేదు. గురువులకు అప్పగించే సందర్భంలో హిరణ్యకశిపుడు కుమారుడిని గుడ్డివాడి తీరున ఉన్నాడని, పలకడని, తన పరాక్రమ వాసన కొంచెమైనా అంటలేదని వర్ణిస్తాడు. కవి కంటికి నిండుగా కనబడిన బాలుడు తండ్రి కంటికి లోపాల పుట్టగా కనబడ్డాడు. పిల్లల గుణాలను కొలిచే సాధనం ఎవరి చేతిలో ఉంది, వారు దేనిని గుణంగా లెక్కిస్తారు అన్న ప్రశ్నను పోతన ఈ రెండు వర్ణనలను దగ్గర దగ్గరగా నిలిపి రేకెత్తించాడు. గుణశిక్షణ కార్యక్రమాలు తమను తాము తప్పక వేసుకోవలసిన ప్రశ్న ఇది.

4. తండ్రి అడిగిన పద్యం: పరీక్ష, పోలిక, ఆశ

చదువు గొప్పతనాన్ని చాటే పద్యంగా తెలుగు బడులలో ఎక్కువగా వినిపించే కందపద్యాలలో ఒకటి ప్రహ్లాదచరిత్రలోనిది. చదవనివాడు అజ్ఞాని అవుతాడని, చదివితే మంచిచెడుల వివేకం కలుగుతుందని దాని సారాంశం. సందర్భం నుంచి విడదీసి దానిని సూక్తిగా నేర్పడం వల్ల ఆ మాటలు హిరణ్యకశిపుడివన్న సంగతి మరుగున పడుతుంది. ఇది చిన్న విషయం కాదు. పలికిన మాట ఉత్తమమైనదే. పలికినవాడు మంచిచెడుల వివేకాన్ని కోరుతున్నానంటూ, ఆ వివేకం కుమారుడిలో తన ఇష్టానికి భిన్నంగా కనబడగానే దానిని నేరంగా ఎంచాడు. విద్య గురించి మంచి మాటలు చెప్పే పెద్దలందరూ విద్యను సహిస్తారన్న భరోసా లేదన్న చేదు నిజాన్ని పోతన ఇక్కడ నిక్షేపించాడు.

రెండవ పరీక్ష సన్నివేశం మరింత లోతైనది. సంస్కృత భాగవతంలో తండ్రి ఇక్కడ ఒక్క శ్లోకంలో ప్రశ్న ముగిస్తాడు: ఇంతకాలం గురువు వద్ద నేర్చినదానిలో ఉత్తమమైనదొకటి చెప్పమంటాడు. పోతన ఆ ప్రశ్నను విస్తరించాడు. ఇంతకాలం గడిచింది, గురువులు ఏమేమి చెప్పారో, ఏ విధంగా చదివించారో తెలుసుకోవాలని ఉందని, నేర్చిన శాస్త్రం నుంచి ఒక పద్యం చదివి అర్థతాత్పర్యాలు వివరించమని తండ్రి అడుగుతాడు. ఇది తెలుగు తరగతి గదిలోని మౌఖిక పరీక్షే.

తరువాతి పద్యంలో తండ్రి స్వరం మారుతుంది. తోటి దైత్యబాలురు నీతిపాఠంలో నిన్ను మెచ్చుకోవడం లేదని, వారు చదివిందంతా సమర్థంగా అప్పజెప్పగలుగుతున్నారని, నీవెప్పుడు నీతివిదుడవవుతావా అని పెద్ద ఆశతో ఎదురుచూస్తున్నానని, నీ ఆధిక్యం చూపమని బతిమాలుతాడు. ఆ పద్యంలో కోపం లేదు. ప్రేమ ఉంది, లాలన ఉంది, తన కోరిక తీర్చమన్న వేడికోలు ఉంది. ఆ ప్రేమలోనే సహాధ్యాయులతో పోలిక అనే ముల్లు ఉంది. తండ్రి ఆనందమంతా బిడ్డ ఇచ్చే జవాబుపై ఆధారపడి ఉందన్న బరువు ఉంది. హిరణ్యకశిపుడిని కేవలం క్రూరుడిగా చిత్రించి ఉంటే ఈ కథ సాధారణ తల్లిదండ్రులకు దూరంగా ఉండేది. ఈ పద్యంతో పోతన అతడిని ఇంటింటి తండ్రిని చేశాడు. హింస మొదలు కావడానికి ముందు ఉన్న ఈ లాలననే విమర్శకులు ఎక్కువ శ్రద్ధతో గమనించాలి.

జవాబుగా ప్రహ్లాదుడు తాను చదవలేదని అనడు. గురువులు చదివించారని, ధర్మార్థ శాస్త్రాలు చదివానని, వాటన్నింటి లోపలి మర్మాన్ని కూడా అందుకున్నానని వినయంగా చెబుతాడు. గురువులను తప్పు పట్టకుండా తన భేదాన్ని ప్రకటించడం ఆ జవాబులోని సంస్కారం. పరీక్షకుడికి కావలసిన జవాబు ఒకటే కావడం వల్ల ఆ సంస్కారానికి మార్కులు పడలేదు.

5. గురువుల సంజాయిషీ: సంస్థ తన్ను తాను కాచుకోవడం

చండామార్కులు పూర్తిగా హాస్యపాత్రలు కారు, పూర్తిగా దుష్టులూ కారు. మొదటి పరీక్ష తరువాత వారు ప్రహ్లాదుడిని బుజ్జగించి, ఈ బుద్ధి ఎవరు నేర్పారని అడుగుతారు. జవాబు నచ్చక కోపిస్తారు. ఆ కోపపు మాటలలో వారి అసలు బాధ బయటపడుతుంది. అయిదేళ్ల పసివాడివి, చెప్పిన శాస్త్రంలో ఒక్క ముక్కా చెప్పక తర్కాలు మాట్లాడుతున్నావు, రాజు ముందు మమ్మల్ని తలవంచుకునేలా చేశావు అన్నది ఆ మాటల సారం. బాలుడికి పాఠం అర్థం కాలేదన్న చింత వారికి లేదు. తమ పరువు పోయిందన్నదే వారి ఆవేదన. అదే నోటితో వయస్సు అయిదేళ్లని గుర్తుచేసి, అదే నోటితో దైత్యచందనవనంలో పుట్టిన ముళ్లచెట్టని నిందించి, దండనకు సిద్ధమవుతారు. ఆ తరువాతి పాఠాలు బెదిరింపుల మధ్యనే సాగుతాయి.

రెండవ పరీక్షా విఫలమైనప్పుడు రాజు గురువుపై విరుచుకుపడతాడు. గురువు వెంటనే ఇది తాము చెప్పింది కాదు, ఇతరులు చెప్పిందీ కాదు, అది బాలుడి సహజబుద్ధి అని విన్నవిస్తాడు. భక్తితత్త్వ దృష్టితో చూస్తే అది ప్రహ్లాదుడికి ప్రశంస. బడి దృష్టితో చూస్తే అది చేతులు దులుపుకోవడం. లోపం బాలుడి స్వభావంలో ఉందని తేలగానే గురువుకు ముప్పు తప్పింది, బాలుడికి ముప్పు మొదలైంది. శరీరంలో చెడిన అవయవాన్ని వైద్యుడు ఖండించి మిగిలిన అవయవాలను కాపాడినట్లు వీడిని తొలగించాలన్న రాజు ఉపమానం ఆ వెంటనే వస్తుంది.

ఈ క్రమం గమనార్హం. సమస్యను విద్యార్థి స్వభావంగా నిర్ధారించడం తొలగింపునకు తొలిమెట్టు. నేడు ‘వాడికి తట్టుకునే శక్తి లేదు’, ‘ఆమె మరీ సున్నితం’ అనే మాటలు సంస్థలకు చండామార్కుల సంజాయిషీగానే ఉపయోగపడుతున్నాయి. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. సుప్రీంకోర్టు 2025 మార్గదర్శకాలు మార్కుల ఆధారంగా విద్యార్థులను వేరువేరు వర్గాలుగా విడదీయడాన్ని, నలుగురిలో అవమానించడాన్ని మానుకోవాలని శిక్షణ సంస్థలకు నిర్దేశించాయి. ఈ రెండూ విద్యార్థి స్వభావం మీద కాక సంస్థ ప్రవర్తన మీద దృష్టి పెట్టాయి. పోతన కథనం సహజంగానే ఈ దృష్టికి దగ్గరగా ఉంది.

ఒక న్యాయం చండామార్కులకూ చేయాలి. వారు భయంలో పనిచేస్తున్నారు. వారి బతుకు రాజు దయపై ఆధారపడి ఉంది. ఫలితం రాకపోతే తమ తల పోతుందన్న భయంలో ఉన్న గురువు బాలుడికి నిర్భయాన్ని నేర్పలేడు. అధ్యాపకుల క్షేమం గురించి ఆలోచించకుండా విద్యార్థుల క్షేమం గురించి పథకాలు వేయడంలోని వెలితి ఇక్కడ స్పష్టమవుతుంది.

6. వ్యతిరేక క్రియల పద్యం: ధైర్యమా, మౌనమా?

రాక్షసులు శూలాలతో పొడుస్తున్నప్పుడు ప్రహ్లాదుడి స్థితిని వర్ణించే ఉత్పలమాల, అతడి ధైర్యానికి పరాకాష్ఠగా ప్రసిద్ధి పొందింది. మూలంలో ఈ ఘట్టంలో బాలుడు కూర్చుని ఉండగా పొడిచారన్న సంక్షిప్త కథనం ఉంది. పోతన అక్కడ తొమ్మిది వ్యతిరేక క్రియల మాల కట్టాడు. బాలుడు లేచి దిక్కులకు పరుగెత్తడు. దెబ్బకు చేతులు అడ్డం పెట్టడు. బంధువుల గుంపులో దూరడు. ఇది ఘోరమని నిందించడు. తండ్రినీ స్నేహితులనూ పిలవడు. తల్లులుండే బంగారు మేడలోకి తప్పుకుపోడు. కాపాడమని అనడు. పరితపించడు. ద్వేషించడు.

ఈ పద్యాన్ని తరగతిలో ధైర్యానికి నమూనాగా చెప్పడం ఆనవాయితీ. కాని దానిని నెమ్మదిగా చదివితే మరో చిత్రం కనబడుతుంది. లేదు లేదని కవి తోసిపుచ్చిన పనులన్నీ ఏమిటి? దెబ్బ తగులుతున్న ఏ పిల్లవాడైనా సహజంగా చేసేవే. పరుగు, చేయి అడ్డం పెట్టుకోవడం, బంధువుల చాటు, అన్యాయమని చెప్పడం, తండ్రిని పిలవడం, స్నేహితులను పిలవడం, తల్లి ఒడి, కాపాడమన్న కేక: ఒక బాలుడికి లోకంలో ఉన్న రక్షణ మార్గాల పట్టిక ఇది. పోతన ఆ పట్టికను పూర్తిగా ఎరిగినవాడు కనుకనే ఒక్కటీ విడవకుండా పేర్కొన్నాడు. ప్రహ్లాదుడు వాటిని ఆశ్రయించలేదనడంలో అద్భుతరసం ఉంది. అద్భుతం అద్భుతం కావాలంటే మామూలు పిల్లలు వాటిని ఆశ్రయిస్తారన్న ఎరుక పాఠకుడికి ఉండాలి. అద్భుతాన్ని నియమంగా మార్చితే పద్యం రసం చెడుతుంది; బోధన దారి తప్పుతుంది.

ఇంతకంటే విషాదకరమైన మరో పొర ఈ పద్యంలో ఉంది. తండ్రిని పిలవడు అన్నప్పుడు, కొట్టిస్తున్నది ఆ తండ్రే అన్నది పాఠకుడికి తెలుసు. పిలవవలసినవాడే బాధకుడైనప్పుడు బాలుడు ఎవరిని పిలవాలి? పిలవకపోవడం ప్రహ్లాదుడి విషయంలో భగవన్నిష్ఠ. సాధారణ విద్యార్థి విషయంలో అదే మౌనం ఆశ పూర్తిగా వదులుకోవడానికి గుర్తు కావచ్చు. తరగతిలో చివరి బల్లపై ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఏడవకుండా, ఎదురు చెప్పకుండా కూర్చున్న పిల్లవాడిని ధైర్యవంతుడని మెచ్చుకునే అధ్యాపకుడు, పద్యాన్ని అర్థం చేసుకున్నాడని గాని, పిల్లవాడిని అర్థం చేసుకున్నాడని గాని చెప్పలేం.

దీని ముందున్న పద్యాన్ని కలిపి చదవడం ఇంకా అవసరం. అక్కడ రాక్షసులు పొడుస్తుండగా ప్రహ్లాదుడు మాటిమాటికీ విష్ణువును పేరుపేరునా సంబోధిస్తాడు. ఆ సంబోధనలలో ఆపదలో ఉన్నవారికి శరణ్యుడన్నదీ ఒకటి. అంటే ప్రహ్లాదుడు నిజానికి మౌని కాడు. తన మాట చేరుతుందన్న నమ్మకమున్న చోట అతడు మాట్లాడుతూనే ఉన్నాడు. రెండు పద్యాలనూ విడదీసి రెండవదానిని మాత్రమే ఉదాహరించడం వల్ల సంభాషణలో ఉన్న బాలుడు మౌనిగా మారిపోయాడు.

7. ఆసరా ఎక్కడిది?

ఎన్ని చేయించినా బాలుడు చావకపోవడం చూసి హిరణ్యకశిపుడు లోలోపల తర్కించుకుంటాడు. వీడికి ప్రాణం నిలిపే మందులు తెలియవు, కాపాడేవారెవరూ లేరు, అయినా ఒక్క నిమిషమైనా దీనత పొందడని విస్తుపోతాడు. కాపాడేవారు లేరన్నది తండ్రి లెక్క. కథ ఆ లెక్కను తప్పని నిరూపిస్తుంది.

సహాధ్యాయులు ప్రహ్లాదుడిని ఇదంతా నీకెక్కడిదని అడిగినప్పుడు అతడు చెప్పిన జవాబు ఈ చర్చకు కీలకం. తన స్వభావమే అంతని అతడు అనడు. తండ్రి తపస్సుకు పోయిన కాలంలో ఇంద్రుడు తల్లి లీలావతిని పట్టుకుపోవడం, నారదుడు అడ్డుపడి విడిపించడం, ఆశ్రమంలో కూతురిలా ఆదరించడం, గర్భంలో ఉన్న తనకు కూడా అందేలా ధర్మం బోధించడం వివరిస్తాడు. గురువు సహజబుద్ధి అన్నదానికి బాలుడు ఒక చరిత్ర చెప్పాడు. ఆ చరిత్రలో ఆపదలో పడిన తల్లి ఉంది, అడ్డుపడి విడిపించిన ఒక పెద్దమనిషి ఉన్నాడు, భయం లేని ఒక చోటు ఉంది. కవాయి పరిశోధన గుర్తించిన ఆదరించే పెద్దకు, నారదుడికి మధ్య శాస్త్రీయ సమానత్వం చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. బాలుడి ధైర్యానికి కారణం చెప్పవలసి వచ్చినప్పుడు పోతన కథనం కూడా ఒక ఆశ్రయం వైపే వేలు చూపిందన్నది గమనించవలసిన విషయం.

రెండవ ఆసరా స్నేహితులు. గురువులు ఇంటిపనులపై పోయినప్పుడు దైత్యబాలురు ప్రహ్లాదుడిని ఆటలకు పిలుస్తారు. అతడు వారిని కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. వారు ప్రశ్నలు వేస్తారు. బెదిరింపు, పరీక్ష లేని ఆ వేళలో నిజమైన చదువు జరుగుతుంది. ఏ సహాధ్యాయులతో తండ్రి అతడిని పోల్చాడో, ఆ సహాధ్యాయులే చివరకు అతడి పక్షం చేరారు. పోలిక విడదీసినవారిని సంభాషణ కలిపింది. దీనిని చూసి గురువులు సంతోషించలేదు. భయపడి రాజుకు చెప్పారు.

ఆత్మనియంత్రణ అనే గుణం ఈ కథలో ఎవరికి బోధింపబడిందో కూడా చూడాలి. లోకాలన్నీ క్షణంలో గెలిచావు గాని నీ ఇంద్రియాలను, మనస్సును గెలవలేకపోయావు, లోపలి ఆరుగురు శత్రువుల చేతిలో ఓడావు అని ప్రహ్లాదుడు తండ్రికి చెబుతాడు. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం గురించిన పాఠం ఇక్కడ బాలుడి నుంచి అధికారంలో ఉన్న పెద్దకు చేరింది. నేటి గుణశిక్షణలో ఈ పాఠం ఎప్పుడూ పెద్దల నుంచి పిల్లలకే సాగుతుంది.

8. గజేంద్రుడు: కేక వేయడం ధైర్యం కాదా?

పోతనే రచించిన 8వ స్కంధంలోని గజేంద్రమోక్షం ప్రహ్లాదచరిత్రకు సమతూకం. అక్కడ మొసలి పట్టులో చిక్కిన గజరాజు దీర్ఘకాలం పోరాడి, చివరకు తన స్థితిని దాచకుండా చెప్పుకుంటాడు. బలం మిగలలేదని, ధైర్యం చలించిందని, ప్రాణాలు తావు తప్పుతున్నాయని, మూర్ఛ వస్తున్నదని, శరీరం అలసిందని ఒక్కొక్కటిగా విన్నవించి, వచ్చి కాపాడమని ప్రార్థిస్తాడు. రక్షకుడు ఉన్నాడా లేడా అన్న సందేహాన్ని కూడా అంతకుముందే బయటపెడతాడు.

ప్రహ్లాదుడి పద్యంలో కాపాడమని అనకపోవడం ఎంత గొప్పగా వర్ణింపబడిందో, గజేంద్రుడి పద్యంలో కాపాడమనడం అంత గొప్పగా వర్ణింపబడింది. పోతన ఈ రెండింటిలో ఒకదానిని బలంగా, మరొకదానిని బలహీనతగా విభజించలేదు. గజేంద్రుడి కేకకు వైకుంఠం కదిలింది. ‘నీకు ధైర్యం లేదు, ముందు ధైర్యం తెచ్చుకో’ అన్న జవాబు రాలేదు. మనోధైర్యాన్ని తెలుగు సాహిత్యం ద్వారా బోధించాలనుకునే అధ్యాపకులు ఈ రెండు ఘట్టాలను జంటగా నేర్పడం సముచితం. తన బలం అయిపోయిందని గుర్తించి, ఆ మాటను పైకి చెప్పగలగడం కూడా గుణసంపదలో భాగమే. జాతీయ టెలిమానస్ సేవ 14416 నంబరును తరగతి గోడపై రాయించే అధ్యాపకుడు, దాని పక్కన గజేంద్రుడి కథ చెప్పగలిగితే ఆ నంబరుకు ఫోన్ చేయడంలోని సంకోచం కొంతైనా తగ్గుతుంది.

9. ఎదురయ్యే ఆక్షేపణలు

భక్తికావ్యాన్ని మనస్తత్వశాస్త్ర పరిభాషతో చదవడం కాలదోషమన్న ఆక్షేపణ న్యాయమైనది. ప్రహ్లాదుడి నిశ్చలత మనోవికాస శిక్షణ ఫలం కాదు. సర్వత్ర విష్ణువును చూసే దృష్టి ఫలం. అతడికి బాధించే శూలం, బాధింపబడే తాను వేరు కావు. ఈ వ్యాసం ఆ తత్త్వాన్ని నిరాకరించదు. ఆ తత్త్వాన్ని గౌరవిస్తే, ప్రహ్లాదుడిని పరీక్షల ఒత్తిడిని తట్టుకోవడానికి నమూనాగా వాడటం మరింత అనుచితమవుతుంది. భగవన్నిష్ఠ వల్ల కలిగిన నిర్భయత్వాన్ని ర్యాంకుల పోటీలో నిలదొక్కుకునే మెలకువగా కుదించడమే అసలైన కాలదోషం.

కష్టం లేకుండా గుణం రాదు కదా అన్నది రెండవ ఆక్షేపణ. కొంత కష్టం, కొంత ఓటమి ఎదుగుదలకు అవసరమే. కావ్యం కూడా ప్రహ్లాదుడికి కష్టాలు లేకుండా చేయలేదు. అయితే బాధపెట్టినవారిని గుణశిక్షకులుగా కావ్యం ఎక్కడా గౌరవించలేదు. హిరణ్యకశిపుడి హింస వల్ల ప్రహ్లాదుడు గొప్పవాడయ్యాడని పోతన అనలేదు. బడికి ముందే అతడు ఎటువంటివాడో చెప్పి ఆ వాదానికి తావులేకుండా చేశాడు.

10. ముగింపు

ప్రహ్లాదచరిత్రలో బాధ ఎలా ముగిసిందన్నది చివరి ప్రశ్న. బాలుడు మరింత ఓర్పు నేర్చుకోవడం వల్ల ముగియలేదు. స్తంభం నుంచి నరసింహుడు వెలువడి బాధించే చేతిని ఆపడం వల్ల ముగిసింది. ఆ తరువాతనే ప్రహ్లాదుడు తండ్రిని పాపవిముక్తుడిని చేయమని వరం కోరాడు. క్షమ అనే గుణం బలం తొలగిన తరువాత వికసించింది. స్థితిస్థాపకత నిర్వచనంలోని షరతును ఈ కథాక్రమం అక్షరాలా పాటించింది.

దీని నుంచి తెలుగు బోధనకు కొన్ని సూచనలు తీసుకోవచ్చు. విద్యాప్రశస్తి పద్యాన్ని నేర్పేటప్పుడు వక్త ఎవరో చెప్పి, విద్యార్థుల చేత చర్చింపజేయాలి. తండ్రి పోలిక పద్యాన్ని తల్లిదండ్రుల సమావేశంలోనూ చదివి వినిపించవచ్చు. వ్యతిరేక క్రియల పద్యాన్ని దాని ముందు పద్యంతో కలిపి, కవి కాదన్న ఒక్కొక్క పనినీ విద్యార్థులు ఎప్పుడు, ఎవరి వద్ద చేయగలరో అడగాలి. గజేంద్రుడిని ప్రహ్లాదుడి పక్కన నిలపాలి. పరిశోధకులు సైతం భాగవతంలోని గురుశిష్య ఘట్టాలను బోధనాపద్ధతుల దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉంది. కుచేలోపాఖ్యానంలో కృష్ణుడు, కుచేలుడు తలచుకున్న సాందీపని గురుకులాన్ని చండామార్కుల బడితో పోల్చితే ఈ చర్చ మరింత విస్తరిస్తుంది.

విద్యార్థి క్షేమం గురించి బడులు, కళాశాలలు చేపట్టే కార్యక్రమాలు సాధారణంగా విద్యార్థిలో ఏ గుణం తక్కువైందన్న ప్రశ్నతో మొదలవుతాయి. పోతన కథలో ఆ ప్రశ్న వేసినవారు హిరణ్యకశిపుడు, చండామార్కులు. నారదుడు ఆ ప్రశ్న వేయలేదు. ఆపదలో ఉన్న తల్లిని విడిపించి, తలదాచుకోవడానికి చోటు ఇచ్చాడు. తరగతి గదిలో ప్రహ్లాదచరిత్ర చెప్పే అధ్యాపకుడు తాను ఆ ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడి చెబుతున్నాడో తేల్చుకోవలసి ఉంటుంది.